చెయ్యి ఎత్తి కొలవాలి

మా ఆయన వీపుకి నూటికి పది మార్కులొచ్చాయి. మార్కులు అనకూడదట, శాతం అనాలట. ఏదైతేనేం, తప్పినట్టే. ముప్పై వస్తేనే పాసు.

ఉత్తరం రెండు పేజీలుంది. మొదటి పేజీ నిండా ఆయన దళం నంబరు, పనిచేసిన ఏళ్ళు, చేసిన సేవకు కృతజ్ఞతలు. రెండో పేజీలో మూడే వాక్యాలు. 'మచ్చలు నిలకడగా ఉన్నవి. నొప్పి లేదని అభ్యర్థి స్వయముగా తెలిపినాడు. భుజము కదలికకు చెప్పుకోదగ్గ ఆటంకము లేదు.' మిషను మీద నుంచి లేవకుండానే చదివాను. ఏడుపు రాలేదు. కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను, అదీ రాలేదు. మిషను సూది కింద ఎవరిదో కాలరు సగంలో ఆగి ఉంది. అది పూర్తిచేసి, దారం తెంపి, ఉత్తరాన్ని బిల్లుల పుస్తకంలో పెట్టాను.

ముప్పై ఎందుకో చెప్పాలి. పదకొండేళ్ళ కిందట, మా పెళ్ళయిన రెండో ఏడు, ఆయన నడిపే సైన్యం లారీలో ఇంధనం నింపుతుంటే మంట లేచింది. వీపు, కుడి పక్క, కుడి చంక కాలాయి. నాలుగు నెలలు ఎక్కడో దూరాన ఆసుపత్రిలో ఉంచారు. నన్ను రానివ్వలేదు. చర్మం అతికించి ఇంటికి పంపారు. ఆ తరవాత లారీ ఇవ్వకుండా స్టోరు గదిలో జాబితాలు రాయించారు. కిందటేడు గడువు అయిపోయి సర్వీసు నుంచి వచ్చేశాడు. ఇప్పుడొక పార్సిళ్ళ గోదాములో పని. చంకలో మచ్చ ఏటేటా బిగుసుకుంటోంది. మొదట్లో చెయ్యి తల మీదికి పోయేది. తరవాత చెవి దాకా వచ్చేది. ఇప్పుడు భుజం దగ్గరే ఆగిపోతోంది. తల ఎడం చేత్తో దువ్వుకుంటాడు, అందుకే పాపిడి ఎప్పుడూ వంకరే.

సైనిక ఆసుపత్రి సర్జను చూసి ఉన్నమాట చెప్పాడు. చంకలో బిగిసిన మచ్చని కోసి వదులు చెయ్యాలి. ఈ ఏడాది లోపల చేస్తే చెయ్యి లేస్తుంది. దాటితే లోపల కీలే బిగుసుకుపోతుంది, అప్పుడు కోసినా లాభం లేదు. కానీ ఆ ఆసుపత్రిలో మంచం దొరకాలంటే ముప్పై శాతం వైకల్యం ఉన్నట్టు కాగితం ఉండాలి. బయట చేయించే తాహతు మాకు లేదు. అంతే సంగతి.

పది రావడంలో మా నిర్వాకం కూడా ఉంది. డాక్టరు చూస్తాడని పిలుపు వచ్చేసరికి మా ఆయన దాన్ని ఇన్‌స్పెక్షన్ అనుకున్నాడు. ముందురోజే క్షవరం చేయించుకున్నాడు. బూట్లు మొహం కనపడేదాకా తోమాడు. నేనేం తక్కువ తిన్నానా? వారం రోజులు పూటకోసారి మందు రాసి, చంక అంచున ఎప్పుడూ పగిలే చోటు కూడా మానేలా చేశాను. గంజి పెట్టిన చొక్కా తొడిగి పెళ్ళికొడుకుని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాను.

డాక్టరు చొక్కా విప్పమన్నాడు. విప్పి అటెన్షన్‌లో నిలబడ్డాడు, రెండు చేతులూ తొడలకి అంటించి. డాక్టరు అరడుగు స్కేలు పెట్టి పొడవు చూశాడు, వెడల్పు చూశాడు.

"నొప్పి ఉందా?"

"లేదు సార్."

"పగులుతుందా?"

"లేదు సార్."

"చెయ్యి లేస్తుందా?"

"లేస్తుంది సార్," అని నడుం దగ్గర పక్కకి వంగి మరీ లేపి చూపించాడు. డాక్టరు అప్పటికే రాసుకుంటున్నాడు. మొత్తం ఏడు నిమిషాలు పట్టింది. బయటికొచ్చాక "బాగా జరిగింది" అన్నాడు మా ఆయన. నేనూ అలాగే అనుకున్నాను. నిలకడ గల మనిషని మా అత్తగారు కూడా ఆయన్ని ఎన్నడూ అనలేదు, ప్రభుత్వం అంది.

అప్పీలు సంగతి రైటరు బాబాయి చూస్తాడు. ఆయన మాకు చుట్టం కాదు. సైన్యంలో ముప్పై ఏళ్ళు పక్కవాళ్ళ కాగితాలు రాసి, ఇప్పుడు మాజీ సైనికుల సంఘం గదిలో కూర్చుని అదే పని ఊరికే చేస్తున్నాడు. ఇనప అలమరలు, ఒక ఫ్యాను, కాళ్ళు సరిగా ఆనని బల్ల. ఉత్తరం చదివి కళ్ళజోడు తీశాడు.

"ఒరే అబ్బాయ్, ఆ రోజు ఎలా నిలబడ్డావో ఒకసారి నిలబడి చూపించు."

మా ఆయన లేచి నిలబడ్డాడు.

"చూశావా అమ్మాయ్, చేతులు అంటించి నిలబడితే చంకలో ఉన్నదంతా మడతలో పోయింది. ఆయన పైన కనపడిందే కొలిచాడు. వీళ్ళందరికీ ఉన్న జబ్బు ఒకటే, బాగున్నాను సార్ అనే జబ్బు. దానికి మాత్రం ఇంకా శాతం పెట్టలేదు."

తరవాత లెక్క చెప్పాడు. ఒంటి మీద మచ్చలు ఐదు వందల చదరపు సెంటీమీటర్లు దాటితే ఇరవై, దాటకపోతే పది. మాకు నాలుగు వందల పది వేశారు. నొప్పి పెట్టే మచ్చ ఉంటే దానికి విడిగా ఇంకో పది. చెయ్యి లేవకపోవడానికి వేరే ఫారం, వేరే పరీక్ష ఉన్నాయి గానీ ఆ వరసలో నిలబడితే పిలుపు రావడానికే ఏడాదిన్నర పడుతుంది.

"ఇరవై, పది, ముప్పై," అన్నాను.

"ఇరవై ఎనిమిది. ఇరవై తీసేశాక మనిషి ఎనభై మిగిలాడు కదా, ఆ ఎనభైలో పదో వంతు ఎనిమిది. అయితే చివర్లో దగ్గరున్న పదికి సరిచేస్తారు, కాబట్టి ముప్పయ్యే అనుకో."

"బాబాయ్ గారూ, ఇదెవరు కనిపెట్టారండీ?"

"ఎవరో ఒంటి మీద గీత కూడా లేనివాడు," అన్నాడు. "అప్పీలు బోర్డు ఒక్కసారే వింటుంది. అక్కడా పోతే పైమెట్టుకి రెండేళ్ళు. కొత్త కొలతలు కావాలి, నువ్వు చూసింది చూసినట్టు ఒక వాంగ్మూలం కావాలి."

కొలతలు నాకు వదిలెయ్యమన్నాను. నేను కుట్టుపని చేస్తాను, వీధి చివర మాకు చిన్న దుకాణం ఉంది. సెలవు రోజున షట్టరు సగం దించి, ఆయన్ని కటింగు బల్ల ముందు నిలబెట్టాను. చొక్కా విప్పగానే మళ్ళీ అటెన్షన్.

"ఏమండీ, నేను మీ కర్నల్ని కాను. చెయ్యి ఎత్తండి."

ఎత్తాడు. భుజం దాకా వచ్చి ఆగింది. ఎత్తు స్టూలు మీద మోచెయ్యి ఆన్చమన్నాను. చంక తెరుచుకుంది. ఒక మడత విప్పితే దాని వెనక ఇంకో మడత. చెయ్యి దించి చంక కొలత తీస్తే చొక్కా తొడుక్కున్న రోజే చిరుగుతుంది. మిషను నేర్చుకునేవాళ్ళకి మొదటి వారంలోనే చెప్తారు ఈ మాట. అంత చదువుకున్న డాక్టరుకి ఎవరూ చెప్పినట్టు లేదు.

పలచటి ట్రేసింగు కాగితం వీపు మీద పరిచి మచ్చ అంచు వెంట పెన్సిలు నడిపాను. ఒక కాగితం చాలలేదు. రెండోది ఆనించి, రెండూ జారకుండా, చేతి అలవాటున గుండుసూది తీసి గుచ్చాను. దుకాణంలో బొమ్మ మీద గుచ్చినట్టే, ఏటవాలుగా, లోపలికి దిగి పైకి తేలేలా. ఆయన గోదాము సూపర్‌వైజరు సంగతి చెప్తున్నాడు. కప్పు కారుతుంటే ఆ పెద్దమనిషి పార్సిళ్ళని వదిలేసి తన కుర్చీ పక్కన బకెట్టు పెట్టించుకున్నాడట. ఆ మాట ఆగలేదు. ఊపిరి కూడా మారలేదు.

గీత పూర్తయ్యాక కాగితం ఎత్తబోతే రాలేదు. అప్పుడు చూశాను. సూది చర్మంలోంచి పోయింది. నెమ్మదిగా బయటికి లాగాను. చిన్న రక్తపు చుక్క పైకొచ్చి, కాసేపు నిలిచి, కిందికి జారింది.

"ఏమండీ."

"ఊఁ."

"ఇప్పుడు నేనేం చేశాను?"

"గీత గీశావు."

అరచెయ్యి మొత్తం ఆయన వీపు మధ్య ఆన్చాను. "ఇప్పుడు?"

కొంచెం ఆలోచించాడు. "ఇంకా గీస్తున్నావు."

ఇంటికొచ్చిన రోజు నుంచి, పదకొండేళ్ళు, రోజూ పొద్దున్నే ఆ వీపుకి మందు రాస్తున్నాను. జ్వరమొచ్చినా మానలేదు, పోట్లాడుకున్నా మానలేదు. మాటలు లేని రోజుల్లో అదొక్కటే మా ఇద్దరి మధ్య మాట. రాసిన ప్రతిసారీ ఆయన "చల్లగా ఉంది" అనేవాడు.

"మరి చల్లగా ఉందనేవారు?"

నేను ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"డబ్బా మూత చప్పుడయ్యేది కదా," అన్నాడు. "నువ్వు రాస్తున్నావని తెలిసేది. అంచుల్లో కాస్త తెలుస్తుంది. మధ్యలో ఏమీ లేదు, గోడకి రాసినట్టే."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఎక్కడ కొట్టను? వీపు మీద కొడితే తెలియదు కదా. సూది తీసి డబ్బాలో వేసి, దూదితో రక్తం తుడిచి, వదిలేసిన చోటి నుంచి గీత మళ్ళీ మొదలుపెట్టాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. లోపల మాత్రం ఏమీ కదల్లేదు. ఆయన వీపుకి పట్టిందే నాకూ పట్టినట్టుంది.

అయినా పని బుర్ర ఊరుకోదు. అతికిన చర్మం మీద వల అల్లికలాంటి గళ్ళుంటాయి. ఎన్నివేల సార్లు చూశానో. ఆ రోజు పెన్సిలు పట్టుకుని చూస్తుంటే, అతుకు వేశారంటే ముక్క ఎక్కడో కోసే ఉంటారు కదా అనిపించింది.

"ఈ చర్మం ఎక్కడిదండీ?"

"కాలిది. ఎడం తొడ."

తొడ మీద కాగితమంత మచ్చ ఉంటుంది. ఇస్త్రీ పెట్టెకి కాలిన గుడ్డలా అక్కడ నున్నగా, పాలిపోయి ఉంటుంది. అది కూడా మంటకి కాలిందే అనుకునేదాన్ని, ఎప్పుడూ అడగలేదు.

"మరి ఫారంలో రాయలేదేం?"

"అది గాయం కాదుగా. డాక్టర్లు తీసింది. వాళ్ళు నన్ను బాగుచెయ్యడానికి తీస్తే దాన్ని గాయమని ఎలా రాస్తాం?"

నిజంగానే అర్థం కాక అడిగాడు. గాయమంటే శత్రువో మంటో చేసేదని ఆయన లెక్క. తొడ మీద టేపు పెట్టాను. కాలు కదలలేదు గానీ, బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"నొప్పా?"

"ఏం లేదు."

కాగితాలు గళ్ళ కాగితం మీద పరిచి గడులు లెక్కపెట్టాను. చెయ్యి ఎత్తితే వీపూ పక్కా చంకా కలిపి ఆరు వందల ముప్పై. తొడ వేరే. ఆ ఆకారాలన్నీ బ్రౌను పేపరు మీదికి ఎత్తి కత్తిరించాను. చంక ముక్కని మడత పెడితే పాత కొలత వచ్చేలా, విప్పితే కొత్త కొలత వచ్చేలా గుర్తులు పెట్టాను. ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ ఏ చొక్కా కత్తిరించలేదు.

రైటరు బాబాయి వాటిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. తొడ ముక్క దగ్గర ఆగాడు. "గాయానికి చేసిన వైద్యం వల్ల వచ్చింది కూడా సర్వీసులో వచ్చిందే. ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కడూ తొడ చూపించలేదమ్మా." ఆ తరవాత సూది సంగతీ, తొడ మీద టేపు పెడితే వేళ్ళు తెల్లబడిన సంగతీ చెప్పాను. ఆయన నవ్వు తగ్గిపోయింది.

"అది రాయకు. మొద్దుబారినదానికి ఏమీ ఇవ్వరు. వాళ్ళ పుస్తకంలో నొప్పి ఉంటే ఉన్నట్టు, తెలియకపోతే లేనట్టు. వీపు నొప్పి అని రాయి. తొడ దగ్గర వీడు నోరు తెరవడు. వీపుకి రోజూ మందు రాసేది నువ్వు కాబట్టి కనీసం నీ మాటైనా మనని కాపాడుతుంది."

రాశాను. 'నా భర్తకు వీపు మచ్చలో నిత్యం నొప్పి ఉంటుంది. రోజూ మందు రాసే మనిషిగా నాకు తెలుసు.' కింద సంతకం పెట్టాను. ఆయన చెయ్యి లేవడానికి నేనొక అబద్ధమే ఆడాలంటే, అదెంత పని అనుకున్నాను.

బోర్డు పిలిచిన వారం మందు రాయొద్దన్నాడు బాబాయి. ఉన్నది ఉన్నట్టు కనపడాలట. పొద్దున్నే ఆరింటికి నా చేతులకి ఏం చెయ్యాలో తోచేది కాదు. ఆయన వంటగది గుమ్మం దగ్గర అలవాటుగా వీపు తిప్పి నిలబడి, గుర్తొచ్చి, వెళ్ళి చొక్కా వేసుకునేవాడు. మూడో రోజుకి చంక అంచు పగిలింది. నాలుగో రోజు చొక్కాకి అంటుకుంది. చూస్తూ ఊరుకున్నాను. దాన్ని కూడా సాక్ష్యం అంటారు.

బోర్డు గదిలో పొడుగాటి బల్ల, మంచినీళ్ళ జగ్గు, మూల ఒక తెర, తెర వెనక బల్ల. మధ్యలో అధ్యక్షుడు, తల నెరిసిన మాజీ అధికారి. ఆయన పక్కన డాక్టరమ్మ. చివర నిబంధనల పుస్తకం ముందేసుకున్న గుమస్తా. అడిగితే తప్ప మాట్లాడొద్దని నాకు ముందే చెప్పారు. మా ఆయనకైతే అడిగినా మాట్లాడొద్దని ఎవరో చెప్పి పంపినట్టున్నారు.

డాక్టరమ్మ నా కాగితం ముక్కలు బల్ల మీద పరిచింది. "ఇవి ఎవరు చేశారు?"

"నేనేనండీ. కుట్టుపని చేస్తాను."

తల ఊపి, ఆయన్ని తెర వెనక్కి తీసుకెళ్ళి, నన్నూ రమ్మంది. కుర్చీ వీపు మీద ఆయన మోచెయ్యి ఆన్చి, నా కాగితం ఆయన మచ్చ మీద పెట్టింది. అంచుకి అంచు కూర్చుంది. చంక ముక్క విప్పి చూసింది, మడిచి చూసింది. తెర పక్కనుంచి గుమస్తాతో, "ఆరు వందల ముప్పై వెయ్యండి. ముందు చూసినాయన చెయ్యి ఎత్తించకుండా కొలిచాడు," అంది. ఇరవై వచ్చింది.

చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాక అధ్యక్షుడు నా వాంగ్మూలం తీశాడు. "వీపులో నిత్యం నొప్పి ఉంటుందని మీ ఆవిడ రాసింది. నిజమేనా?"

"లేదు సార్. వీపులో నాకేమీ తెలియదు."

"మరి ఈవిడ..."

"ఆవిడకి నేను ఎప్పుడూ చెప్పలేదు సార్. ఆవిడ తప్పేం లేదు."

అధ్యక్షుడు నా కాగితం బోర్లా పెట్టి పక్కకి తోశాడు. మాతోపాటు వచ్చి నా వెనక కూర్చున్న రైటరు బాబాయి కళ్ళు మూసుకున్నాడు. నాకు సిగ్గు వెయ్యాలి, వెయ్యలేదు. ఇరవై చేతికొచ్చింది, మిగిలిన పది ఇప్పుడు ఈయన నోట్లోంచి రావాలి, రాదు, ఏడాది దాటిపోతుంది, చెయ్యి ఇంక లేవదు. అదొక్కటే తలలో తిరుగుతోంది.

డాక్టరమ్మ తొడ ముక్క పైకి తీసింది. "ఇది నొప్పి పెడుతుందా?"

"ఏం లే..." అన్నాడు మా ఆయన.

అని ఆగిపోయాడు. గుమస్తా కలం పట్టుకుని చూస్తున్నాడు. నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. మా ఆయన బల్ల మీద ఉన్న తన తొడ ఆకారాన్ని కాసేపు చూశాడు.

"మేడమ్, నొప్పి ఉందని చెప్పడం నాకు చేతకాదు. ఎప్పుడూ చెప్పలేదు. మీరు నొక్కి చూడండి. నేనేమీ అనను. మీరు నా మొహం చూసి రాసుకోండి."

మళ్ళీ తెర వెనక్కి వెళ్ళాం. ఆయన బల్ల అంచున కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. డాక్టరమ్మ రెండు వేళ్ళతో మచ్చ మీద నొక్కింది, అంతే, గట్టిగా కూడా కాదు. ఆయన నోరు కదలలేదు. కళ్ళు మాత్రం ఎక్కడో దూరంగా పోయి నిలబడ్డాయి. దవడ బిగిసింది. పెదాల్లో రంగు పోయింది.

నాకు ఆ మొహం తెలుసు. రోజూ చూసే మొహమే. ప్యాంటు వేసుకుని గుమ్మం దాటి వీధి చివరిదాకా నడిచేటప్పుడు ఆయనకుండే మొహం. గోదాము నుంచి వచ్చి మెట్లెక్కేటప్పుడు ఉండే మొహం. నేను దాన్ని ఆయన స్వభావం అనుకున్నాను. సైన్యంలో పనిచేసిన మనిషి, మొహం అలాగే ఉంటుందిలే అని చుట్టాలకి కూడా చెప్పాను. పెళ్ళయిన కొత్తలో ఆయనకి వేరే మొహం ఉండేదని ఎప్పుడో మరిచిపోయాను.

డాక్టరమ్మ వేళ్ళు తీసింది. "ఎప్పుడు ఎక్కువగా ఉంటుంది?"

"నడిచేటప్పుడు మేడమ్. జేబు లోపలి గుడ్డ రాసుకుంటుంది."

"మెత్తటివి వేసుకోవచ్చు కదా?"

"ఇవి ఇంట్లో కుట్టినవి మేడమ్," అన్నాడు, అదే జవాబైనట్టు.

నా ప్యాంట్ల జేబులు చిరగవని వీధిలో పేరు. దళసరి గుడ్డ వేసి డబుల్ కుట్టు వేస్తాను. తాళాలు వేసుకునే మనిషని ఆయనవాటికి ఇంకో వరస ఎక్కువ వేస్తాను.

బయట బెంచీ మీద అరగంట కూర్చోబెట్టారు. తరవాత గుమస్తా వచ్చి చీటీ ఇచ్చాడు. ఇరవై, పది, ఇరవై ఎనిమిది, సరిచేస్తే ముప్పై. ఉత్తర్వు వారంలో వస్తుంది, ఈలోగా ఈ చీటీ చూపించినా సర్జను తేదీ ఇస్తాడు. రైటరు బాబాయి చీటీని రెండుసార్లు చదివాడు. "వీపు లేదన్నాడు కాబట్టే తొడ నమ్మారమ్మా," అన్నాడు నాతో మెల్లిగా. "నేను చెప్పింది తప్పు." ఆయన ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ఇంకో కేసు ఉందని లోపలికి వెళ్ళిపోయాడు.

బస్సులో కిటికీ పక్కన ఆయన్ని కూర్చోబెట్టి, నేను ఇవతల కూర్చున్నాను. చీటీ నా సంచిలో ఉంది. సంతోషం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. మూడు స్టాపులు దాటాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాను.

"ఏది?"

"ఆ జేబు."

"మొదటి ప్యాంటు నుంచి."

"చెప్పొచ్చు కదా."

"నువ్వు కుట్టావు కదా," అన్నాడు.

అప్పుడొచ్చింది ఏడుపు. ఉత్తరం వచ్చిన రోజు రానిది, సూది లాగిన రోజు రానిది, టిక్కెట్టు ఇచ్చే మనిషి పక్కనే నిలబడి ఉండగా వచ్చింది. ఈయన అధికారులకే ఇలా చెప్తాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నా ముందు కూడా అటెన్షన్‌లోనే నిలబడ్డాడు, పదకొండేళ్ళు, నా ఇంట్లో. నేను ఏది పెడితే అది బాగుందన్నాడు, ఏది రాస్తే అది చల్లగా ఉందన్నాడు. నేనూ ఆ డాక్టరులాగే విని రాసుకున్నాను.

మొహం తుడుచుకుని, "ఇంకేమైనా ఉందా?" అన్నాను. "ఉంటే ఇప్పుడే చెప్పండి."

కిటికీలోంచి బయటికి చూశాడు. ఇంకో స్టాపు పోయింది.

"ఈ చెప్పులు," అన్నాడు. "కరుస్తున్నాయి."

కిందటేడు నేను కొన్నవే.

"విప్పెయ్యండి."

బస్సంతా ఒకసారి చూసుకుని, విప్పి, వట్టి కాళ్ళు కింద పెట్టాడు. "దిండు ఎత్తు ఎక్కువ," అన్నాడు. "కుడి పక్కకి తిరిగి పడుకోలేను. నువ్వు అటుంటావని తిరుగుతాను." తరవాత ఇంకోటి చెప్పాడు. ఒక్కొక్కటీ, జాబితా చదివినట్టు, మొహం కిటికీ వైపు పెట్టి చెప్తూనే ఉన్నాడు. మా స్టాపు వచ్చింది. నేను లేవలేదు. బస్సు కదిలింది.